కింది నుంచి పైకి

చర్చి గడియారం అయిదు కొట్టింది. ఆరింటికి మగవాళ్ళు వచ్చి పూలపటం చెక్కలు ఊట దగ్గరికి ఎత్తుకుపోతారు, హెట్టీకి చెప్పాల్సిన మాట ఇంకా నా నోట్లోనే ఉంది. పొద్దున బస్సు దిగగానే చెప్పేద్దామనుకున్నాను, తర్వాత గేటు దగ్గర అనుకున్నాను, తర్వాత టీ తాగాక అనుకున్నాను, ఇప్పుడీ గడ్డికొట్టంలో ఆమెకు ఎదురుగా కూచుని, మట్టి మెత్తిన చెక్కమీద నీలిరేకులు ఒక్కొక్కటే బొటనవేలితో అద్దుతూ, ఈ వరస కానీ, ఈ ఒక్క వరస కానీ అని నన్ను నేనే మభ్యపెట్టుకుంటున్నాను. హెట్టీ నాకు స్వయానా అక్క. చెప్పాల్సింది పెద్ద ప్రసంగమేం కాదు, నీకు మతి తప్పుతోంది, సోమవారం నాతో డాక్టరు దగ్గరికి రా, అంతే. ఎనిడ్ ఫోన్‌లో ఎంత సులువుగా నా నెత్తిన పెట్టేసింది! హెట్టీ పక్కింటావిడ కదా, పెట్టక ఏం చేస్తుంది. "మేవీ, మీ అక్క వ్యవహారం ఏం బాగాలేదమ్మా. మొన్న చర్చికి చెప్పుల్లేకుండా వచ్చింది. నిన్న మా తలుపు తోసుకొచ్చి, నా కెటిల్ ఎక్కడ దాచావే అని నన్నే కేకలేసింది. మేమెలా చెబుతాం చెప్పు, నువ్వంటే సొంతదానివి." సొంతదాన్ని కాబట్టి సులువనుకుంటుంది. సొంతదాన్ని కాబట్టే నాలుక పిడచకట్టుకుపోతుందని దానికేం తెలుసు, దానికి అక్కచెల్లెళ్ళు లేరు, ఉన్నవి పిల్లులు.

బస్సులో వస్తూ మాటలు పేర్చుకున్నాను. షెఫీల్డ్ ఇళ్ళు వెనకబడి బీడుకొండ మొదలయ్యేసరికి మొదటి మాట దొరికింది, కొండ దిగేసరికి అది పోయింది. కిటికీలోంచి గొర్రెలు, సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, గోడ కూలిన చోట కంచె బదులు అడ్డంపెట్టిన పాత మంచం, కొండని సగానికి తినేసిన క్వారీ, అది మా నాన్న ఊపిరితిత్తుల్ని కూడా తింది, ఆ క్వారీ లారీల తెల్లదుమ్ము పడి రోడ్డువారన పొదలన్నీ పిండి జల్లినట్టు. పక్క సీట్లో లండన్ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం, అబ్బ ఎంత ప్రశాంతంగా ఉందో, ఇక్కడే ఉండిపోతే బావుణ్ణు అనుకుంటున్నారు. ఉండిపోండి నాయనా, ఇళ్ళన్నీ మీలాంటివాళ్ళే కొని వారాంతాలకి అద్దెకిచ్చుకుంటున్నారు, సోమవారం నుంచి గురువారం దాకా మా వీధిలో పొగ లేచే పొయ్యిగొట్టాలు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. ప్రశాంతమే. మా థార్న్‌డేల్‌లో ఎవరూ గట్టిగా అరవరు, ఎవరూ ఎవర్నీ సొంత సంగతులు అడగరు, హెట్టీ మొగుడు క్లెమ్ పోయినప్పుడు దాని గుమ్మం ముందు పొద్దున్నే మాంసం కూరిన రొట్టెలు బట్టకప్పి పెట్టిపోయారు తప్ప ఒక్కరు తలుపు తట్టలేదు. తట్టడం అమర్యాద. హెట్టీ కూడా ఏడవలేదు, నలభయ్యేళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి పూడ్చి వచ్చి, కోటు తీసి కొక్కేనికి తగిలించి, ఆలుగడ్డలు చెక్కు తీయడం మొదలెట్టింది. నేను పక్కన నిలబడి తొక్కలు ఏరాను. అప్పుడు కూడా చెప్పాల్సిన మాట ఏదో ఉండే ఉంటుంది.

"ఏమే, నిద్రపోతున్నావా? రేకు చేతిలో వాడిపోతోంది," అంటోంది హెట్టీ. లేదే, పెడుతున్నా అన్నాను. రేకు పెట్టాను. దాని గొంతులో ఏ తేడా లేదు, అదే విసురు, అదే పెద్దరికం, వినేవాళ్ళకి నాకే మతి పోతోందనిపిస్తుంది. చేతులు కూడా మారలేదు. మా అమ్మ చేతులవి, పొట్టివేళ్ళు, గోళ్ళకింద నీలం మరక, రేకుని పట్టుకుంటే నలగదు. హైడ్రాంజియా పూలగుత్తిలోంచి చిన్నరేకు తుంచి, తడిమట్టిలో చివర గుచ్చి, బొటనవేలితో ఒక్క అద్దు. చూస్తూ ఉండగా ఆకాశం పెరుగుతుంది. ఊరి ఊటకి కృతజ్ఞతగా ఏటా జూన్‌లో కట్టే పూలపటంలో ఆకాశం ఎప్పుడూ మా ఇంటిదే, అమ్మ ఉన్నప్పుడు అమ్మది, తర్వాత మా ఇద్దరిది, కుడిసగం హెట్టీ, ఎడమసగం నేను, మధ్యలో కలిసేచోట అతుకు ఎక్కడుందో చర్చి ఫాదరు కూడా కనిపెట్టలేడు. ఓడలూ మనుషులూ గొర్రెలూ ఎవరికి కావాలంటే వాళ్ళు పెట్టుకోవచ్చు. ఈసారి బైబిలు జలప్రళయంలోని నోవహు ఓడ. ఓడకి పలకల బదులు చెట్టుబెరడు ముక్కలు, గీతలకి కాఫీగింజలు, నోవహు గడ్డానికి రాతిమీది పాచి. బ్రతికి పెరిగినది తప్ప ఇంకేదీ పెట్టకూడదు, ఒక్క గాజుపూస పెట్టినా అమ్మ చెక్కంతా గీకించేసేది.

అమ్మ పెట్టిన నియమాల్లో అన్నిటికంటే పెద్దది, మాకు ప్రార్థనల కంటే ముందు వచ్చింది, కింది నుంచి పైకి. చెక్క అడుగు అంచు దగ్గర మొదటి వరస పెట్టాలి, దాని తలలు మూస్తూ రెండో వరస, దాని తలలు మూస్తూ మూడోది, ఇంటికప్పు మీద పెంకులు పరచినట్టు. అప్పుడు వాన పడితే నీళ్ళు రేకుమీంచి రేకుమీదికి జారి కిందికి పోతాయి. పైనుంచి కిందికి పెట్టావా, ప్రతి రేకు వెనకా నోరు తెరుచుకుని ఉంటుంది, నీళ్ళు లోపలికి దిగి, మట్టి వదులై, తెల్లారేసరికి ఆకాశం ఊటనీళ్ళలో ఉంటుంది. థార్న్‌డేల్‌లో పుట్టిన పిల్లకి ఇది నడకతోపాటు వస్తుంది. నేను షెఫీల్డ్‌లో ఒక్కదాన్నే ఉండే ఇంట్లో పళ్ళెంలో బిస్కెట్లు సర్దినా చేయి దానంతటది కింది నుంచి పైకి పోతుంది. పొద్దున కొట్టంలోకి వచ్చి, హెట్టీ భుజంమీంచి వంగి, ఎంతవరకు వచ్చిందని చూశాను. కుడిసగంలో ఆరేడు వరసలు. పై అంచు నుంచి మొదలయ్యాయి. మొదట అనుకున్నాను, చెక్క తిప్పి పెట్టుకుంది కాబోలు అని. ఓడ వైపు చూశాను, ఓడ నిటారుగానే ఉంది. మళ్ళీ హెట్టీ వరసలు చూశాను, ఒక్కో రేకు ఎంత ముద్దుగా, ఎంత సమంగా ఉందో, అన్నీ తలకిందులు. తలెత్తి చూస్తే అవతల ఓడ దగ్గరున్న ఎనిడ్ నావైపే చూస్తోంది, ఆమె పక్కనున్న ఇద్దరాడవాళ్ళూ చటుక్కున పాచి ఏరడంలో పడిపోయారు. అందరికీ తెలుసు. పొద్దున్నుంచీ అందరూ చూస్తున్నారు, అందరూ హెట్టీతో ఎండ బావుంది కదా అంటున్నారు.

టీ దగ్గర ఎనిడ్ నన్ను తలుపు చాటుకి లాగి గుసగుసగా చెప్పింది, తను ఇంటికి పోయాక రాత్రి ఊట దగ్గరే మనం పీకి సరిచేద్దాంలే, పోయిన ఏడు అదే చేయబోతే టైము చాల్లేదు అని. పోయిన ఏడు! పోయిన ఏడు నాకు మోకాలు ఆపరేషన్, రాలేదు. మూడోరోజు వాన పడి కుడిసగం ఆకాశం ఊడిపోయిందని హెట్టీయే ఫోన్ చేసి చెప్పింది, ఫర్నిస్‌కి వయసు మీదపడింది మేవీ, మట్టి ఆరిపోకుండా ఉప్పు సరిగ్గా కలపలేదు, నలభయ్యేళ్ళు మట్టి తొక్కినవాడు, పాపం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాడు అని. ఆ ఫర్నిస్ అందరిముందూ తప్పు నాదే అని ఒప్పుకున్నాడట. మట్టి బంగారంలా ఉందని ఆయనకీ తెలుసు, ఎనిడ్‌కీ తెలుసు, బ్యాండు వాయించేవాళ్ళకి కూడా తెలుసు. ఊరు ఊరంతా ఒక ముసలామెకి ఏమీ తెలియకుండా ఉండాలని ఇంత కట్టుగా అబద్ధమాడింది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు కూడా మండింది. ఎంత మంచివాళ్ళు, ఎంత చేతకానివాళ్ళు. ఇంత మంచితనం మధ్య మా అక్క ఒక్కత్తే, చీకట్లో గోడ తడుముకుంటున్నట్టు, ఏడాదిగా నడుస్తోంది. నేను కూడా వాళ్ళలోదాన్నే కదా, ఫోన్‌లో హెట్టీ ఒకే సాయంత్రం రెండుసార్లు అదే కబురు చెబితే రెండోసారి కూడా అవునా అన్నాను, ఆశ్చర్యపోయినట్టు.

చిన్నప్పుడు మట్టి మేమే తొక్కేవాళ్ళం. కుళాయి పక్కన పాత తొట్టిలో మట్టీ నీళ్ళూ ఉప్పూ పోసి, గౌనులు నడుందాకా దోపుకుని, నేనూ హెట్టీ ఒకరి భుజాలొకరు పట్టుకుని, మట్టి కాలివేళ్ళ సందుల్లోంచి పురుగుల్లా పైకొస్తుంటే కెవ్వుమని కేకలు, అప్పుడు మాత్రం అరవడం తప్పు కాదు. నేను జారితే అది పట్టుకునేది. అది ఎప్పుడూ జారలేదు. తొట్టిలోనే కాదు, ఎక్కడా జారలేదు, నాన్న పోయినప్పుడూ అమ్మ మంచంపట్టినప్పుడూ నా పెళ్ళి చెడిపోయి పెట్టె పట్టుకుని దాని గుమ్మంలో నిలబడ్డప్పుడూ, ఎందుకొచ్చావని ఒక్క మాట అడక్కుండా పక్క పరిచింది. మర్నాడు పొద్దున గుడ్లు ఉడకపెట్టి, నీకు మెత్తగానా గట్టిగానా అంది. అంతే అడిగింది. నేనూ అంతే చెప్పాను, మెత్తగా అని. ఇప్పుడు దాన్ని అడగాలి నేను, హెట్టీ, నీకెలా ఉందే, లోపల ఎలా ఉంది. ఆ గుడ్డు ప్రశ్న తప్ప మాకు ఇంకో ప్రశ్న రాదు.

అయిదున్నర అయి ఉంటుంది. తలుపులోంచి పడే ఎండ ఓడ మీద నుంచి నా మోచేతి మీదికి వచ్చింది. బయట ఊట గలగల, దూరంగా పొలాలమీద ఏడుపుగొంతు పిట్ట ఒకటే అరుపు, బ్యాండువాళ్ళు ఎవరో బాకా శ్రుతి చూసుకుంటున్నారు. నా సగం అయిపోవచ్చింది. హెట్టీ సగంలో కింది అంచున జానెడు మట్టి మిగిలింది. చెబితే ఇప్పుడే చెప్పాలి.

"హెట్టీ, నీతో ఒక మాట..."

"నీలం అయిపోతోంది. ఆ గిన్నె ఇటు తొయ్యి."

తోశాను.

"నీతో ఒక మాట చెప్పాలే."

"మోకాలి సంగతేనా? డాక్టర్లని నమ్మకే. కొండెక్కు, అదే పోతుంది."

కొట్టంలో చేతులన్నీ ఆగిపోయాయి, చెవులన్నీ ఇటే ఉన్నాయని నా వీపుకి తెలుస్తోంది. మాట మళ్ళీ మింగేశాను. చచ్చినా చెప్పలేను, నాకు తెలిసిపోయింది, షెఫీల్డ్ నుంచి నాతో తెచ్చుకున్న ధైర్యమంతా ఇంతే. అది ఇంటికెళ్ళాక ఎనిడూ నేనూ దొంగల్లా కత్తి తెచ్చి దాని చేతిపని గీకేస్తాం, రేపు ఫాదరు వచ్చి నీళ్ళు చల్లి దీవిస్తాడు, హెట్టీ జనంలో నిలబడి ఆ ఆకాశం తనదే అనుకుంటుంది. అది మాత్రం నేను చేయలేననిపించింది. ఏం చేయగలనో తెలియదు. లేచి, నొప్పికాలు ఈడ్చుకుంటూ చెక్క చుట్టూ తిరిగి దాని పక్కకి వెళ్ళి కూచున్నాను, గిన్నెలోంచి పిడికెడు రేకులు తీసుకుని, దాని ఆఖరి వరస కింద నా వరస మొదలుపెట్టాను. పైనుంచి కిందికి. నా వేళ్ళు వద్దని మొరాయించాయి, అరవయ్యేళ్ళ అలవాటు, అయినా పెట్టాను, ఒకటి, దాని కింద ఇంకొకటి. ఎందుకలా చేశానంటే ఏం చెప్పను. అది ఒక్కత్తే తప్పు చేస్తూ కూచోవడం చూడలేకపోయాను. వాన వస్తే ఇద్దరిదీ పోనీ అనుకున్నాను. నా చేతిమీద చుర్రుమని దెబ్బ పడింది.

"ఏం చేస్తున్నావే? బుద్ధుందా? పైనుంచి పెడతారుటే ఎవరన్నా? వానొస్తే నీళ్ళెక్కడికి పోతాయి? అమ్మ ఉంటే నీ చెయ్యి విరిచేది. పట్నంలో ఉండీ ఉండీ..."

ఆగిపోయింది. నా వరస పెట్టిన చోటు చూసింది, అక్కడి నుంచి దాని కళ్ళు మెల్లగా పైకి పోయాయి, తన వరస మీదికి, దాని పై వరస మీదికి, ఇంకా పైకి, అంచుదాకా. మళ్ళీ కిందికి. వేలు చాచి ఒక రేకుని కొంచెం ఎత్తింది, వెనక మట్టి నల్లగా కనబడింది. నేను అనుకున్నదేమిటి, జరిగిందేమిటి. నా చేత్తో నేనే అద్దం పట్టి చూపించాను దానికి. నోటితో చెప్పి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేది.

"ఇది నేనే పెట్టానా?" అంది.

"ఊఁ."

"మొత్తం?"

"పొద్దున్నుంచీ."

"వీళ్ళందరూ చూశారా?"

ఎనిడ్ ఏదో అనబోయి చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. నేను చూశారన్నాను. హెట్టీ అంది, చాలా నెమ్మదిగా, ఎండ సంగతి మాట్లాడుతున్నట్టు మామూలుగా, "పోయిన ఏడు ఊడిపోయింది ఫర్నిస్ మట్టి వల్ల కాదన్నమాట."

"కాదు."

"పాపం, ముసలాడు." ఎత్తిన రేకుని మళ్ళీ అద్దేసింది. "మేవీ, నాకు కళ్ళు బానే ఉన్నాయే. అన్నీ కనబడతాయి. ఏది ముందో, ఏది తర్వాతో, అదే అందట్లేదు. పొద్దున లేచి మేజోళ్ళూ చెప్పులూ పట్టుకుని మంచంమీద కూచుంటాను, ఏది ముందు? టీ పెడదామని నిలబడతాను, నీళ్ళా, ఆకా, మంటా? ఒకరోజు మధ్యాహ్నందాకా అలాగే నిలబడ్డాను. నాకు భయమేస్తోందే. ఎవరికీ చెప్పలేదు. క్లెమ్ ఉంటే అతనికి కూడా చెప్పేదాన్ని కాదేమో. చాలా భయమేస్తోంది."

నేను దాని మట్టిచెయ్యి నా మట్టిచేతుల్లోకి తీసుకున్నాను. ఇంతమందిలో మేం ఒకరినొకరు పట్టుకున్నది ఆ తొట్టిలో మట్టి తొక్కినప్పుడే. సోమవారం డాక్టరు దగ్గరికి పోదాం, నాతో రా అన్నాను, పొద్దున్నుంచీ గొంతులో అడ్డంపడ్డ మాట అప్పుడు ఏ కష్టం లేకుండా వచ్చింది, వచ్చి ఏం లాభం, అది ముందే చెప్పేసింది. వస్తానంది. ఏడుస్తున్నది నేనే. అది మాత్రం ఏడవకుండా, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు, ఆకాశాన్నే చూస్తోంది.

బయట బూట్ల చప్పుడు. తలుపు దగ్గర ఫర్నిస్, వెనక ముగ్గురు మోతగాళ్ళు, మోకులు పట్టుకుని. "అయిందా అమ్మా? ఎత్తేద్దామా?"

ఎనిడ్ నన్ను చూసింది, నేను ఎనిడ్‌ని చూశాను, పాత అబద్ధం మళ్ళీ మొదలుపెట్టడానికి మా ఇద్దరి నోళ్ళూ సిద్ధంగానే ఉన్నాయి. హెట్టీ లేచి నిలబడింది.

"కాలేదు. బయట కూచోండి," అంది, కొట్టమంతా వినబడేలా. "నేను తప్పుగా పెట్టాను. పైనుంచి కిందికి పెట్టాను. పోయిన ఏడు కూడా నేనే. నీ మట్టి మంచిదే, ఫర్నిస్."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అదేం లేదమ్మా, అదేం లేదు అంటూ వెనక్కి నడిచాడు, గడప తగిలి తూలాడు. లోపల ఎవరూ నవ్వలేదు. ఎనిడ్ కత్తి పట్టుకుని వచ్చింది, మిగతా ఇద్దరూ వచ్చారు, హెట్టీ పెట్టిన రేకులు ఒక్కోటీ ఎత్తి గిన్నెలో వేయడం మొదలుపెట్టారు, బావున్నవి ఒక గిన్నెలో, నలిగినవి ఒక గిన్నెలో. నలిగినవి చాలా తక్కువ. ఎవరికి వాళ్ళు ముక్కు చీదుకుంటూ, జలుబు చేసిందన్నారు. చెక్కమీద మట్టి మళ్ళీ నల్లగా, బోడిగా బయటపడింది, ఎనిడ్ తడిగుడ్డతో సాపుచేసి పక్కకి జరిగింది. అందరూ తలో చెయ్యి వేస్తే గంటలో అయిపోతుంది, మగవాళ్ళు కాసేపు కాచుకుంటారు, ఏం పోయింది. హెట్టీ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

"నువ్వు పెట్టవా?" అన్నాను.

"పెడతాను. నువ్వు చెప్పు."

"కింద అంచు దగ్గర."

పెట్టింది. ఎంత సుతారంగా పెట్టిందో.

"దాని పక్కన. ఆఁ. ఇంకోటి పక్కన. ఇప్పుడు వాటి పైన, రెండు రేకుల మధ్య."

పెట్టింది. అలా ఒక వరస అయింది, రెండో వరస అయింది. నేను చెబుతున్నాను, అది పెడుతోంది, చిన్నప్పుడు అది చెప్పేది, నేను పెట్టేదాన్ని. మూడో వరసలో తలెత్తకుండానే అడిగింది.

"రేపు కూడా చెబుతావా?"

"చెబుతానే."

సరేనన్నట్టు తలూపింది. గిన్నెలోంచి ఇంకో రేకు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంచి, నా నోటివంక చూస్తూ కూచుంది.